గోథమ్ మేయర్ ఎన్నిక: అసలు కథ ఓటరు జాబితాలోనే ఉంది

బ్యాట్‌మ్యాన్ ఉండే కల్పిత నగరం గోథమ్‌లో మేయర్ ఎన్నిక రాయాలనుకున్న కథకులు మొదట వెతికేది విలన్‌ని. 1966 టీవీ సీరియల్‌లో పెంగ్విన్ మేయర్ పదవికి నిలబడితే, అతణ్ని ఓడించడానికి బ్యాట్‌మ్యాన్ ముసుగుతోనే పోటీకి దిగాడు. 1992 సినిమాలో ఒక బడా వ్యాపారి తన విద్యుత్ కేంద్రానికి అడ్డొస్తున్న మేయర్‌ను దించి, ఆ కుర్చీలో పెంగ్విన్‌ను కూర్చోబెట్టాలని చూశాడు. 2021 కామిక్స్‌లో క్రిస్టఫర్ నకానో అనే మాజీ పోలీసు, ముసుగు వీరుల మీద వ్యతిరేకతనే ఎజెండా చేసుకుని గెలిచాడు. 2022 సినిమాలో పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు సిట్టింగ్ మేయరే హత్యకు గురయ్యాడు. నాలుగు కథల్లోనూ అభ్యర్థులు గుర్తుండిపోతారు. కానీ జాబితాలో ఎవరి పేర్లున్నాయి, ఓటు ఎలా వేశారు, ఎవరు లెక్కపెట్టారు అన్నది ఏ కథా పట్టించుకోలేదు.

ఈ లోపాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. గోథమ్ భయపెట్టేది దాని రాతి గోపురాల వల్లో, చీకటి సందుల వల్లో కాదు. అక్కడ ఏ వ్యవస్థనూ నమ్మలేం కాబట్టి భయపెడుతుంది. ఆ నమ్మలేనితనం అన్నిటికంటే స్పష్టంగా బయటపడే రోజు పోలింగ్ రోజు. ఆ రోజును ఉపన్యాసాలకూ బాంబులకూ వదిలేస్తే నగరం ఉత్త సెట్టింగ్‌గా మిగిలిపోతుంది.

దీనికి ముడిసరుకు కల్పించుకోవాల్సిన పనీ లేదు. గోథమ్ అన్నది 1807 నుంచీ న్యూయార్క్‌కు ఉన్న మారుపేరు. 1940ల తొలినాళ్లలో కామిక్స్ ఆ పేరు పెట్టుకునేనాటికి, వాటిని సృష్టించిన తరం న్యూయార్క్‌ను శాసించిన టామనీ హాల్ అనే రాజకీయ యంత్రం నీడలో పెరిగి వచ్చింది. ఆ యంత్రం మనిషి జిమ్మీ వాకర్ అవినీతి విచారణ మధ్యలో మేయర్ పదవికి రాజీనామా చేసింది 1932లో. అంటే బ్యాట్‌మ్యాన్ పుట్టడానికి ఏడేళ్ల ముందు.

ఎవరు ఎన్నుకుంటారు?

మొదట తేల్చుకోవాల్సింది ఇది. న్యూయార్క్ మేయర్‌ను 1821 దాకా పైనుంచి నియమించేవారు. 1821 నుంచి నగర కౌన్సిల్ ఎన్నుకునేది. ప్రజలు నేరుగా ఓటు వేసిన మొదటి మేయర్ ఎన్నిక 1834 ఏప్రిల్‌లో జరిగింది. పోలింగ్ మూడు రోజులు సాగింది. మూడు రోజులూ వీధుల్లో కొట్లాటలు, చివరికి సైన్యాన్ని దించాల్సి వచ్చింది. దాదాపు 35 వేల ఓట్లు పడితే, కార్నీలియస్ లారెన్స్ గెలిచింది 200 లోపు తేడాతో.

మన పాఠకులకు ఈ తేడా బాగా తెలుసు. 2002లో హైదరాబాద్ మేయర్‌ను ఓటర్లే నేరుగా ఎన్నుకున్నారు. 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ ఎన్నికల్లో మాత్రం ఓటు కార్పొరేటర్‌కే. 150 డివిజన్లలో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, మజ్లిస్ 44, కాంగ్రెస్ 2 గెలిచాయి. మేయర్‌ను 2021 ఫిబ్రవరి 11న కౌన్సిల్ హాల్లో కార్పొరేటర్లు, ఎక్స్అఫీషియో (పదవి రీత్యా చేరే) సభ్యులు కలిసి ఎన్నుకున్నారు. ఇలాంటి చోట ఉత్కంఠంతా వేరే చోట ఉంటుంది: ఏ ఎమ్మెల్సీ ఎక్కడ ఎక్స్అఫీషియోగా నమోదు చేయించుకున్నాడు, విప్ ఎవరు జారీ చేశారు, క్యాంపుకు వెళ్లిన బస్సులోంచి ఎవరు దిగిపోయారు.

చీకటి నగరపు కథ రాసేవారికి ఇది చాలా పెద్ద తేడా. పరోక్ష ఎన్నికైతే విలన్ వందమందిని లొంగదీసుకుంటే చాలు. ఒక విందు, ఒక బెదిరింపు, ఒక గది సరిపోతాయి. ప్రత్యక్ష ఎన్నికైతే లక్షల మందిని లొంగదీసుకోవాలి, అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. వార్డు వార్డుకూ మనిషి కావాలి. గోథమ్ కథలన్నీ ప్రత్యక్ష ఎన్నిక పెట్టుకుని, పరోక్ష ఎన్నికకు సరిపోయే కుట్రలు అల్లుతున్నాయి. అందుకే అవి అతకవు.

టేపుతో కూలిపోని నాయకుడు

1992 కథలో పెంగ్విన్ ప్రచారం ఒక్క రికార్డింగ్‌తో కుప్పకూలుతుంది. అతను ఓటర్లను తూలనాడిన మాటలు సభలో మైకుల్లో మోగేసరికి జనం తిరగబడతారు. చూడటానికి బాగుంటుంది. కానీ ఇలాంటి నగరంలో అలా జరగదని చరిత్రే చెబుతోంది.

1871లో టామనీ అధినేత విలియం ట్వీడ్ దోపిడీ వివరాలు లెక్కలతో సహా పత్రికల్లోకి ఎక్కాయి. ఒక్క కోర్టు భవనం పేరుతోనే కోటి డాలర్లు దాటిన బిల్లులు. థామస్ నాస్ట్ కార్టూన్లు ఊరంతా చూసింది. అక్టోబరులో ట్వీడ్ అరెస్టు అయ్యాడు. నవంబరులో అదే ట్వీడ్‌ను అతని నియోజకవర్గం రాష్ట్ర సెనేట్‌కు మళ్లీ గెలిపించింది. బోస్టన్‌లో జేమ్స్ మైకేల్ కర్లీ కథ ఇంకా విడ్డూరం. అభియోగాలు నెత్తిన ఉండగానే 1945లో మేయర్‌గా గెలిచాడు. 1947లో కొన్ని నెలలు ఫెడరల్ జైల్లో గడిపి, బయటికొచ్చి అదే కుర్చీలో కూర్చున్నాడు.

జనం మోసపోయారని చెప్పి దీన్ని దాటేయడం అన్యాయం. ఓడ దిగిన ఐరిష్ వలసదారుకు పని ఇప్పించింది, చలికాలంలో బొగ్గు పంపింది, కొడుకును పోలీసులు పట్టుకెళ్తే బెయిలు కట్టింది, ఇల్లు కాలిపోతే ఆ రాత్రికి తలదాచుకునే చోటు చూపించింది టామనీ వార్డు మనిషే. ప్రభుత్వ సంక్షేమం అనేదే లేని కాలం అది. పత్రికలో వచ్చిన కోటి డాలర్ల లెక్క ఆ ఇంటికి చేరలేదు, బొగ్గు బస్తా చేరింది. గోథమ్‌లో పెంగ్విన్ నిజంగా గెలవాలంటే ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు. నది ఒడ్డున ఉన్న మురికివాడలో ఐదేళ్లపాటు చావు ఖర్చులు భరిస్తే చాలు. అలాంటి పెంగ్విన్‌ను టేపు ఏమీ చేయలేదు. బ్యాట్‌మ్యాన్‌కూ అప్పుడు నిజమైన చిక్కు ఎదురవుతుంది: నేరస్థుణ్ని పట్టుకుంటే ఆ వీధికి బొగ్గు ఎవరు పంపుతారు?

బ్యాట్‌మ్యాన్ ముసుగు వెనకున్న కోటీశ్వరుడు బ్రూస్ వేన్ డబ్బు దీనికి విరుగుడు అవుతుందా అంటే, కొంతవరకే. న్యూయార్క్ మేయర్ ఎన్నికలో మైకేల్ బ్లూంబర్గ్ 2009లో సొంత డబ్బు 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పెట్టాడు. గెలుపు తేడా 5 శాతం లోపే.

జాబితా, చీటీ, పెట్టె

ఎన్నికను దొంగిలించడానికి మూడు చోట్లున్నాయి. మూడింటికీ వేర్వేరు మనుషులు, వేర్వేరు నైపుణ్యాలు కావాలి.

జాబితా అన్నిటికంటే ముందు, అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగే పని. 1868 ఎన్నికల ముందు టామనీకి అనుకూలమైన న్యాయమూర్తులు కొద్ది వారాల్లోనే 40 వేల పైచిలుకు వలసదారులకు పౌరసత్వం ఇచ్చేశారు. దరఖాస్తులు ముందే అచ్చువేసి ఉంచారు, సాక్షులు కూడా తయారుగా ఉన్నారు. చనిపోయినవారి పేర్లు జాబితాలో మిగిలిపోవడం, ఒకే మనిషి గడ్డంతో ఒకసారి, గీయించుకుని మరోసారి వచ్చి ఓటెయ్యడం ఆ కాలపు మామూలు తంతు. గోథిక్ నగరంలో శ్మశానానికి ఇంతకంటే మంచి పాత్ర ఏముంటుంది? దెయ్యాలు అక్కర్లేదు. సమాధి రాళ్ల మీది పేర్లు రాసుకుంటూ తిరిగే గుమస్తా ఒకడు చాలు.

మన దగ్గర దీనికి అడ్డుకట్టలు వేసుకున్నాం. ఓటరు గుర్తింపుపై ఏజెంట్ అభ్యంతరం చెబితే అది ఛాలెంజ్ ఓటు. నా ఓటు అప్పటికే ఎవరో వేసేశారని అసలు ఓటరు వస్తే అతనికిచ్చేది టెండర్డ్ బ్యాలెట్. దాన్ని విడిగా కవరులో పెడతారు, మామూలుగా లెక్కించరు. కానీ ఎన్ని టెండర్డ్ ఓట్లు పడ్డాయో చూస్తే ఆ బూత్‌లో ఏం జరిగిందో తెలిసిపోతుంది. డిటెక్టివ్ పనిచేసే నగరంలో ఇంతకంటే మంచి ఆధారం దొరకదు. ఒకే వార్డులో నలభై టెండర్డ్ ఓట్లు కనిపిస్తే చాలు, కథ కదులుతుంది.

ఇక చీటీ. 19వ శతాబ్దంలో ఎక్కువ కాలం అమెరికాలో ప్రభుత్వం బ్యాలెట్ ముద్రించలేదు. పార్టీలే తమ అభ్యర్థుల పేర్లతో చీటీలు అచ్చువేసి పంచేవి. ఓటరు దాన్ని తీసుకెళ్లి పెట్టెలో వేసేవాడు. చీటీ రంగు, సైజు చూసి ఎవరికి వేశాడో గుమ్మం దగ్గర నిలబడినవాడు చెప్పేయగలడు. డబ్బిచ్చి ఓటు కొనడం అందుకే లాభసాటి, సరుకు అందిందో లేదో కళ్లారా చూడొచ్చు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా 1856లో రహస్య బ్యాలెట్ తెచ్చింది. ప్రభుత్వమే ముద్రించి, పోలింగ్ కేంద్రంలోనే ఇచ్చే ఆ పద్ధతి 1890 ప్రాంతానికి అమెరికా రాష్ట్రాలకు పాకింది. అప్పటినుంచి ఓటు కొన్నవాడికి రశీదు లేకుండా పోయింది.

దొంగలు దానికీ దారి కనిపెట్టారు. గొలుసు పద్ధతి అది. మొదటి మనిషి లోపలికెళ్లి, బ్యాలెట్ తీసుకుని, పెట్టెలో వేయకుండా ఖాళీగా బయటికి తెస్తాడు. పెట్టెలో మామూలు కాగితం ముక్క పడుతుంది. బయట ఏజెంట్ ఆ బ్యాలెట్‌పై కావలసిన గుర్తు వేసి రెండో ఓటరుకు ఇస్తాడు. అతను లోపల దాన్ని వేసి, తనకిచ్చిన ఖాళీ బ్యాలెట్‌ను బయటికి తెచ్చి డబ్బు తీసుకుంటాడు. ఇలా సాయంత్రం దాకా సాగుతుంది. ఒక్క బ్యాలెట్ బయటికొస్తే వందల ఓట్లు చేతికొస్తాయి. దీన్ని పట్టుకోవాలంటే బ్యాలెట్‌కు వరుస సంఖ్య, కౌంటర్‌ఫాయిల్ ఉండాలి. వెనకవైపు ప్రిసైడింగ్ అధికారి సంతకం, పోలింగ్ కేంద్రం గుర్తు ఉండాలి. ఓటరు ఆ వెనకవైపు చూపించాకే పెట్టెలో వేయనివ్వాలి. ఇవి లేని నగరంలో గొలుసు ఆగదు. కథలో ఎవరైనా ఈ గొలుసును తెంపాలంటే మధ్యలో ఒక ఓటరు తన చేతిలోని బ్యాలెట్‌ను చించేస్తే సరిపోతుంది. పేదరాలొకతె ఆ పని చేసిందనుకోండి, ఆమె తెగువ ముందు ఏ పైకప్పు పోరాటమూ నిలవదు.

పెట్టె సంగతి. 1856లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పట్టుబడిన ఒక పెట్టెకు దొంగ అడుగు, దొంగ పక్కలు ఉన్నాయి. పోలింగ్ మొదలవక ముందే ఆ అరల్లో చీటీలు నింపేయొచ్చు. న్యూయార్క్ దీనికి గాజుతో జవాబు చెప్పింది. 1850ల చివర్లో శామ్యూల్ జాలీ అనే అతను చెక్క చట్రంలో బిగించిన గాజు గోళాన్ని బ్యాలెట్ పెట్టెగా తయారుచేశాడు. పడిన ప్రతి చీటీ అందరికీ కనిపించేది. మసక వెలుతురులో మెరిసే ఆ గాజు గోళం కంటే గోథిక్ వస్తువు మరొకటి నాకు తోచదు, అయినా ఏ గోథమ్ కథా దాన్ని వాడుకోలేదు. గాజు కనిపెట్టలేనిది ఒకటుంది: లెక్కించేటప్పుడు చదివేవాడు ఒక పేరు చూసి ఇంకో పేరు పలికితే గాజు ఏం చేస్తుంది?

పోలీసు ఎవరి మనిషి?

గోథమ్‌లో మేయర్ ఎన్నికంటే పోలీస్ కమిషనర్ ఎన్నిక కూడా. న్యూయార్క్ మేయరే కమిషనర్‌ను నియమిస్తాడు, 100 బిలియన్ డాలర్లు దాటిన బడ్జెట్ అతని చేతుల మీదుగా నడుస్తుంది. గోథమ్ కమిషనర్ గోర్డన్ కుర్చీ ఎప్పుడూ బ్యాలెట్ పెట్టెలోనే ఉంటుంది. మన నగరాల్లో మేయర్ పరిధిలో పోలీసు లేడు, కార్పొరేషన్ పాలన కూడా చాలావరకు కమిషనర్‌ది. అందుకే మనకు మేయర్ ఎన్నిక గౌరవం పోరుగా కనిపిస్తుంది, అక్కడ అది ఆయుధాల పోరు.

అది నిజంగానే ఆయుధాల పోరైన రోజొకటి ఉంది. 1857లో న్యూయార్క్ రాష్ట్రం నగర పోలీసును మేయర్ ఫెర్నాండో వుడ్ చేతుల్లోంచి లాగేసి, మెట్రోపాలిటన్ పోలీసు అనే కొత్త దళాన్ని పెట్టింది. వుడ్ తన పాత మునిసిపల్ పోలీసును రద్దు చేయనన్నాడు. ఒకే ఊరికి రెండు పోలీసు దళాలు. జూన్ 16న మేయర్‌ను అరెస్టు చేసేందుకు మెట్రోపాలిటన్లు వారెంటుతో వచ్చేసరికి సిటీ హాల్ మెట్ల మీద రెండు దళాలూ లాఠీలతో తలపడ్డాయి. దారిన పోతున్న సైనిక రెజిమెంటు కలగజేసుకుంటే గానీ ఆగలేదు. ఒక దళం పట్టుకున్న దొంగను ఇంకో దళం విడిపించిన రోజులవి. జూలై మొదట్లో కోర్టు రాష్ట్రం పక్షాన తీర్పు ఇచ్చింది, ఆ వెంటనే జూలై 4న నగరంలో ముఠాల అల్లర్లు చెలరేగాయి. ఇదే వుడ్ 1861 జనవరిలో న్యూయార్క్ దేశం నుంచి విడిపోయి స్వతంత్ర నగరం కావాలని కౌన్సిల్ ముందు ప్రతిపాదించాడు కూడా.

1894లో న్యూయార్క్ పోలీసు అవినీతిపై లెక్సో కమిటీ జరిపిన విచారణలో బయటపడ్డది దీనికి కొనసాగింపే. ఒక పోలీసు కెప్టెన్ తన హోదా కోసం 15 వేల డాలర్లు కట్టినట్టు ఒప్పుకున్నాడు. అంత కట్టినవాడు వసూలు చేసుకోకుండా ఉంటాడా? పోలింగ్ కేంద్రం దగ్గర ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని తరిమేయాలో చెప్పేది అలాంటి కెప్టెన్లే. అందుకే, నిజాయితీ గల ఒక్క గోర్డన్ ఉంటే ఎన్నిక సవ్యంగా జరుగుతుందనే ఊహ చాలా బలహీనమైంది. హోదాలు అమ్ముడుపోయే చోట పైనున్న ఒక్కడు మంచివాడైనంత మాత్రాన కింద ఉన్న అప్పులు తీరవు.

మేయర్ అధికారం ఎంత అన్న ప్రశ్నను బాగా పట్టుకున్నది ఒక ఆట. ఫాలెన్ లండన్ అనే బ్రౌజర్ గేమ్ 2009 నుంచి నడుస్తోంది. విక్టోరియా కాలపు లండన్‌ను గబ్బిలాలు భూగర్భంలోకి లాక్కుపోయిన ప్రపంచం అది. 2016లో అందులో మొదటిసారి మేయర్ ఎన్నిక పెట్టారు, ఓటర్లు ఆటగాళ్లే. ముగ్గురు పోటీ చేస్తే సిన్నింగ్ జెన్నీ గెలిచింది. ఆ నగరంలో మహారాణి ఉంది, వ్యాపారాన్ని శాసించే బజారు అధిపతులున్నారు. వాళ్లందరి కింద మేయర్ చేయగలిగేది ఎంత అనే అనుమానంతోనే ఆటగాడు ఓటు వేయాలి. గోథమ్ కథలు ఈ అనుమానాన్ని మన చేతికి ఇవ్వవు.

ఒక నిమిషం విలువ

ఇప్పుడు అంకెలు. 2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో దాదాపు 74 లక్షల ఓటర్లకు 9,101 పోలింగ్ కేంద్రాలు పెట్టారు. ఉదయం 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్, అంటే 660 నిమిషాలు. కల్పిత నగరానికి 60 లక్షల ఓటర్లు, కేంద్రానికి 1,200 మంది చొప్పున 5,000 కేంద్రాలు అనుకుందాం. కేంద్రానికి ఐదుగురు సిబ్బంది అంటే 25 వేల మంది. ఓటుకు నిమిషం పడితే కేంద్రానికి 660 ఓట్లు, అంటే 55 శాతం పోలింగ్. ఇది అన్నీ సాఫీగా జరిగితే వచ్చే లెక్క.

ఓటుకు రెండు నిమిషాలు పట్టేలా చేస్తే? అదే కేంద్రంలో 330 ఓట్లే పడతాయి. ప్రత్యర్థికి పట్టున్న 200 కేంద్రాల్లో మాత్రమే ఈ పని చేస్తే 66 వేల ఓట్లు పోతాయి. ముగింపు సమయానికి వరసలో ఉన్నవారికి చీటీలిచ్చి ఓటెయ్యనివ్వాలన్న నిబంధన ఉన్నా, నాలుగు గంటలు నిలబడలేక ఇంటికెళ్లిపోయినవాడికి అది పనికిరాదు. 2021 న్యూయార్క్ మేయర్ డెమోక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, ఎరిక్ ఆడమ్స్ గెలిచిన తేడా 7,197 ఓట్లు. 66 వేలంటే దానికి తొమ్మిది రెట్లు.

వంతెన పేల్చాల్సిన పని లేదు, విషవాయువు వదలాల్సిన పనీ లేదు. జాబితాను అక్షర క్రమంలో కాకుండా కలిపేసి పంపితే చాలు, పేరు వెతకడానికే ఆ అదనపు నిమిషం పోతుంది. పైగా దాన్ని నేరమని నిరూపించడం దాదాపు అసాధ్యం. ఎందుకు ఆలస్యమైందంటే గుమస్తా అలసిపోయాడంటారు. గోథమ్‌లో తెలివైన విలన్ ఎవరైనా ఉంటే అతను ఎన్నికల కార్యాలయంలో గుమస్తాలను నియమించే అధికారి అయ్యుంటాడు.

లెక్కింపులోనూ అంతే. 1905 న్యూయార్క్ మేయర్ ఎన్నికలో పత్రికాధిపతి విలియం రాండాల్ఫ్ హర్స్ట్ టామనీ అభ్యర్థి మెక్‌లెల్లన్ చేతిలో 3,500 లోపు ఓట్లతో ఓడిపోయాడు. బ్యాలెట్ పెట్టెలు నదిలో తేలాయన్న వార్తలు వచ్చాయి. మూడేళ్లు పోరాడి 1908లో పెట్టెలు మళ్లీ తెరిపిస్తే తేడా తగ్గింది గానీ ఫలితం మారలేదు. అప్పటికి పదవీకాలంలో చాలా భాగం గడిచిపోయింది. దొంగిలించిన ఎన్నికను న్యాయస్థానంలో తిరిగి గెలవడానికి పట్టే కాలం, దొంగకు దక్కే మొదటి లాభం.

హైదరాబాద్‌లో 2020లో ఈవీఎంలు కాదు, కాగితపు బ్యాలెట్లు వాడారు. ఓటరు వేయాల్సింది స్వస్తిక్ ముద్ర. కొన్నిచోట్ల సిబ్బంది పొరపాటున వేరే ముద్ర ఇచ్చారు. ఆ ఓట్లు కూడా చెల్లుతాయని లెక్కింపు ముందురాత్రి ఎన్నికల సంఘం సర్క్యులర్ ఇస్తే, తెల్లారేసరికి హైకోర్టు దాన్ని అడ్డుకుంది. నేరేడ్‌మెట్‌లో ఆధిక్యం కంటే వేరే ముద్రలున్న ఓట్లే ఎక్కువ తేలాయి. ఫలితం కొన్ని రోజులు ఆగిపోయింది. ఒక రబ్బరు ముద్ర మీద ఒక డివిజన్ భవితవ్యం వేలాడింది, ఎవరి కుట్రా లేకుండానే. న్యూయార్క్ 2021లో చేసిన తప్పు ఇంతకంటే పెద్దది: లెక్కింపు సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించేందుకు వేసిన దాదాపు 1,35,000 నమూనా ఓట్లను తీసేయకుండా ఫలితాల్లో కలిపి ప్రకటించి, అదే రాత్రి వెనక్కి తీసుకున్నారు. అక్కడి ఎన్నికల బోర్డులో పదిమంది కమిషనర్లు, రెండు పెద్ద పార్టీల నుంచి సమానంగా వస్తారు. ఒకరి మీద ఒకరు కన్నేసి ఉంచగలరు. నమూనా ఓట్లను గమనించడం ఆ కాపలా పని కాదు.

అభ్యర్థి చనిపోతే

2022 కథలో చర్చించదగ్గ ప్రశ్న ఇదే, కథ దాన్ని అడగదు. పోలింగ్‌కు వారం ముందు మేయర్ హత్యకు గురైతే బ్యాలెట్‌పై అతని పేరు ఏమవుతుంది?

జవాబులు నగరాన్ని బట్టి, చట్టాన్ని బట్టి మారతాయి. 2000లో మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహాన్ సెనేట్‌కు పోటీ చేస్తూ పోలింగ్‌కు మూడు వారాల ముందు విమాన ప్రమాదంలో చనిపోయాడు. పేరు మార్చే గడువు దాటిపోయింది. ఆయనే గెలిచాడు, సీటు ఆయన భార్యకు దక్కింది. 2014లో ఆళ్లగడ్డలో శోభా నాగిరెడ్డి రోడ్డు ప్రమాదంలో చనిపోయారు, పోలింగ్‌కు రెండు వారాలు కూడా లేదు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థి చనిపోతేనే మన చట్టం పోలింగ్‌ను వాయిదా వేస్తుంది. వైఎస్సార్ కాంగ్రెస్‌కు అప్పటికి ఆ గుర్తింపు లేకపోవడంతో పోలింగ్ ఆగలేదు, ఆమె పేరు ఈవీఎంపై అలాగే ఉంది. ఆమే గెలిచారు. ఆ తర్వాత ఉప ఎన్నికలో ఆమె కూతురు అఖిలప్రియ వచ్చారు.

న్యూయార్క్ మేయర్ విలియం గేనర్‌పై 1910లో, నగర ఉద్యోగం పోగొట్టుకున్న ఒకడు కాల్పులు జరిపాడు. తూటా గొంతులోనే ఉండిపోయింది. మూడేళ్లు దానితోనే పాలించి, మళ్లీ పోటీకి సిద్ధమై, 1913 సెప్టెంబరులో పోలింగ్‌కు రెండు నెలల ముందు ఓడ ప్రయాణంలో చనిపోయాడు. చనిపోయినవాడి ఓట్లు ఎవరికి వెళ్తాయన్నది ఆ ఏడాది అందరి లెక్క. ఇవన్నీ చూస్తే, గోథమ్ హంతకుడికి తుపాకీ కంటే క్యాలెండర్ ముఖ్యం. పేరు మార్చే గడువుకు ముందు రోజు చంపితే పార్టీ కొత్త అభ్యర్థిని తెస్తుంది. మర్నాడు చంపితే శవం గెలుస్తుంది, ఖాళీని భర్తీ చేసే అధికారం ఎవరి చేతుల్లో ఉందో వాళ్లే అసలు విజేతలు.

పోలింగ్ రోజే విపత్తు వస్తే? న్యూయార్క్‌లో అదీ జరిగింది. 2001 సెప్టెంబరు 11 మేయర్ ప్రైమరీ రోజు. ఉదయం 6 గంటలకు కేంద్రాలు తెరిచారు, మూడు గంటలు తిరక్కుండానే జంట గోపురాలపై దాడి జరిగింది. పోలింగ్ ఆపేసి సెప్టెంబరు 25న మళ్లీ పెట్టారు. సంక్షోభం పేరుతో మేయర్ జూలియాని తన పదవీకాలాన్ని మూడు నెలలు పొడిగించమని అడిగాడు. ఆ రోజుల్లో ఆయనకున్న పేరు చూస్తే అది దొరికేదే అనిపించింది. శాసనసభ ఒప్పుకోలేదు. 2002 జనవరి 1న కొత్త మేయర్ ప్రమాణం చేశాడు.

2022 గోథమ్‌లో సముద్రపు గోడలు పేలి నగరం మునిగిపోతుంది, కొత్తగా ఎన్నికైన బెల్లా రియాల్‌కు తూటా తగులుతుంది, పాత మేయర్ అప్పటికే లేడు. న్యూయార్క్ చట్టమే గోథమ్‌కూ వర్తిస్తే కొత్త పదవీకాలం జనవరి 1న గానీ మొదలవదు. న్యూయార్క్‌లో ఇలాంటి ఖాళీలో ఎన్నికైన మరో నగర పదవి పబ్లిక్ అడ్వొకేట్‌లో ఉన్నవారు తాత్కాలిక మేయర్ అవుతారు. గోథమ్‌లో ఆ హోదాలో ఎవరున్నారో, వాళ్లను ఎవరు గెలిపించారో కథ చెప్పలేదు. నీళ్లలో మునిగిన ఊరు, సైన్యం పహరా, కొనుక్కున్న హోదాల పోలీసు, రెండు నెలల కాలం. పేరు కూడా ఎవరికీ గుర్తులేని ఆ తాత్కాలిక మేయర్ గడువు పొడిగించమని అడిగిన రోజు నుంచి కథ ఎత్తుకునే రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.